లంకలో ఎంగటమ్మ కన్ను

తిరిగొచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. వెళ్ళేముందు నా తల మీద చేతులుంచి ప్రార్థన చేసి పంపినవాళ్ళు కదా, చెప్పక తప్పదు. లేచి నిలబడి, పరాయి దేశంలో పేదవాళ్ళని చూశాక దేవుడు మనకెంత ఇచ్చాడో తెలిసిందని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. వెనక బెంచీలో ఉన్న పెద్దావిడ ఒకరు కళ్ళు తుడుచుకున్నారు. బయటికొచ్చాక చాలామంది నా చేతులు పట్టుకుని "బాగా చెప్పారండీ" అన్నారు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అక్కడ జరిగింది అందులో లేదు. దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఏ లంకమ్మా?

నేను రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రిలో నర్సుని. పుట్టింది మొగల్తూరు దగ్గర. మా ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు అప్పుడప్పుడు శ్రీలంక తూర్పు తీరంలో ఒక మిషన్ ఆసుపత్రికి వెళ్ళి, అక్కడి డాక్టర్లతో కలిసి ఉచితంగా శుక్లాల ఆపరేషన్లు చేసొస్తారు. ఈసారి ఆయనతో వెళ్ళే నర్సుకి కాలు విరిగింది.

"సుగుణా, నువ్వు రాగలవా అమ్మా?" అని అడిగారు.

"వస్తానండి," అన్నాను వెంటనే. అన్నాక భయమేసింది. నేను చెన్నై దాటి ఎరగను.

శ్రీలంక వెళ్తున్నానని పక్కింటావిడతో అంటే ఆవిడ చివరి మాట మాత్రమే విని, "ఏ లంకమ్మా? ఎదుర్లంకా?" అంది. మా గోదావరి జిల్లాల్లో లంకంటే నది మధ్య మెరక. అక్కడికి పడవలో పోయి వంకాయలు తెచ్చుకుంటాం. ఇది సముద్రం మధ్య లంకని చెప్పాక ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "అంత దూరం పోయి చేసే సేవ ఇక్కడ చెయ్యకూడదా?" అంది. ఆ మాట అప్పుడు నచ్చలేదు.

అక్కడివాళ్ళకి ఏం పట్టుకెళ్ళాలా అని ఆలోచించి, ఆత్రేయపురం మీదుగా వచ్చే మా మరిదితో బెల్లం పూతరేకులు తెప్పించాను. మా అమ్మాయి ప్రిన్సీ ఇంటర్ చదువుతోంది. అది చూసి, "అమ్మా, అవి ఫ్లైట్‌లో పౌడర్ అయిపోతాయి," అంది. నేను వినలేదు.

కొలంబో

పౌడరే అయ్యాయి. కళ్ళజోళ్ళ అట్టపెట్టె కింద పడి, ఒక్క రేకు కూడా మిగలకుండా నలిగిపోయాయి. కొలంబోలో మేము దిగిన గెస్ట్‌హౌసు గదిలో, ఆ నెయ్యి బెల్లం పొడినంతా ఒక స్టీలు డబ్బాలోకి ఎత్తుకుంటూ ఏడుపొచ్చింది. డాక్టరు గారు ఓ చెంచాడు నోట్లో వేసుకుని, "రుచి నలగలేదమ్మా, ఊరుకో," అన్నారు.

పొద్దున్నే రోడ్డు మీదికెళ్ళి టీ తాగాం. పాలు పోసిన టీ కావాలంటే పాలపొడి కలిపి ఇచ్చారు. ఇంటికొకటో రెండో గేదెలున్న చోటు నుంచి వెళ్ళినదాన్ని, నాకు అది దిగలేదు. కొట్టావిడ నా మొహం చూసి గ్లాసు తీసేసుకుని, పాలు లేని నల్ల టీ పోసి, పక్కన చిన్న తాటిబెల్లం ముక్క పెట్టింది. బెల్లం కొరుక్కుంటూ టీ గుక్క వెయ్యమని సైగ చేసి చూపించింది. అది బాగుంది. టీకి నూటేభై అడిగితే గుండె గతుక్కుమంది. తర్వాత మన రూపాయిల్లోకి మార్చుకుంటే నలభై చిల్లర. అక్కడున్నన్నాళ్ళూ ఏది కొన్నా నాకు ముందు భయం, తర్వాత నవ్వు.

ఇంకోటి గమనించాను. బస్సెక్కేటప్పుడు ఎవరూ తోసుకోరు. ముందు సీటు బౌద్ధ సన్యాసుల్లాంటి మతగురువులకని ఇంగ్లీషులో కూడా రాసి ఉంటుంది. అది ఖాళీగా ఉన్నా, ఓ గర్భిణి నిలబడి ఉన్నా, ఆ సీట్లో కూర్చోమని ఎవరూ అనలేదు. పక్కనున్న ఇద్దరు మాత్రం లేచి ఆమెకి చోటిచ్చారు.

తూర్పు వైపు

వ్యాన్లో కొండలు దాటి తూర్పుకి దిగాక నేను కిటికీకి అతుక్కుపోయాను. వరిచేలు. కాలవలు. గట్ల మీద కొబ్బరిచెట్లు. చేలో కొంగలు. మాకు కాలవలు కట్టేసి చేలన్నీ బీటలు తీసిన రోజులవి. ఇక్కడేమో పచ్చగా మోకాలెత్తు పైరు. పాలకొల్లు దాటి నరసాపురం పోతున్నట్టే ఉంది. అయితే ఏ బోర్డు మీదా తెలుగు అక్షరం ఒక్కటి లేదు.

మిషన్ ఆసుపత్రి ఉప్పునీటి కయ్య ఒడ్డున ఉంది. మాకు వంట చేసిపెట్టినావిడ చేపల పులుసులో చింతపండు వెయ్యదు. గొరక అని ఒక ఎండబెట్టిన నల్ల తొక్క వేస్తుంది. పులుపు నాలిక్కి ఆలస్యంగా తగులుతుంది. పచ్చికొబ్బరి కోరు, ఎండుమిరపకాయలు నూరిన పచ్చడి లేకుండా వాళ్ళకి ముద్ద దిగదు. మన గోంగూర గురించి చెప్దామంటే నా దగ్గర భాష లేదు.

అదే అసలు ఇబ్బంది. ఆ ప్రాంతంలో మాట్లాడేది తమిళం. డాక్టరు గారు చెన్నైలో చదువుకున్నారు కాబట్టి ఆయనకి కష్టం లేదు. నేను నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. కన్ను మూయమనడానికి "కణ్ మూడుంగ" అనాలి. అన్నప్పుడల్లా మూడు కళ్ళున్నాయని చెప్తున్నట్టు నాకే నవ్వొచ్చేది. రోజంతా ఆ నాలుగు ముక్కలే తిప్పి తిప్పి అంటూ, సాయంత్రానికి నోరు ఎండిపోయినట్టయ్యేది. ఇరవయ్యేళ్ళుగా రోగులతో కబుర్లాడుతూ చుక్కలు వేసే అలవాటు నాది. మాట లేకుండా చుక్కలు వేస్తుంటే గోడకి సున్నం వేస్తున్నట్టుంది.

కళ్ళ వార్డు

రెండో రోజో మూడో రోజో. వరండాలో బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్ళకి చుక్కలు వేసుకుంటూ వస్తున్నాను. చేతిలో ఉండాల్సిన సీసా లేదు. "అయ్యో రాత, ఇప్పుడే కదా ఇక్కడ పెట్టాను," అని నాలో నేను గొణుక్కున్నాను.

బెంచీ చివర కూర్చున్న ముసలావిడ చటుక్కున తలెత్తింది. బక్కచిక్కిన మనిషి. రెండు చెవులకీ పెద్ద రంధ్రాలు, కమ్మలు లేవు.

"ఎవురది? మన బాస మాట్లాడేది ఎవురు?" అంది.

ఆమె మాట యాస వేరు, మధ్యలో తమిళం కలుస్తోంది. ఇక్కడ నాకు గుర్తున్నట్టు, అర్థమైనట్టు రాస్తున్నాను. కానీ అది తెలుగు. నా తెలుగే.

దగ్గరికెళ్ళగానే నా మొహం తడిమింది. ముక్కుపుడక పట్టుకు చూసింది. "ఏ గుంపు దానివి నువ్వు? యాడ దిగినారు మీవోళ్ళు?" అని అడిగింది.

ఆమె పేరు ఎంగటమ్మ. వెంకటమ్మే. ఆ దేశంలో పాములాడిస్తూ, కోతుల్ని ఆడిస్తూ, ఆడవాళ్ళు చేతులు చూసి జోస్యం చెప్తూ ఊరూరా తిరిగిన జనం కొందరున్నారు. ఎప్పుడొచ్చారో ఎలా వచ్చారో వాళ్ళకే తెలీదు. ఇళ్ళలో మాట్లాడుకునేది మాత్రం తెలుగు. ఇప్పుడు తిరగడం మానేసి అక్కడక్కడా ఊళ్ళు కట్టుకుని ఉన్నారు. ఆ సంగతి డాక్టరు గారికి ఎవరో ఎప్పుడో చెప్పారట గానీ, ఆయనా చూడ్డం అదే మొదలు.

నేనూ అలాంటి ఒక గుంపు మనిషిననే ఆమె అనుకుంది. కాదమ్మా, మాది ఇండియా, మా దగ్గర అందరూ ఇదే మాట్లాడతారని చెప్పాను.

"అందురూ అంటే?"

"అందరూనండి. బస్సు కండక్టరు, కూరగాయలమ్మే ఆవిడ, బళ్ళో మేష్టర్లు."

"పోలీసోడు గూడానా?"

"పోలీసులు కూడా తెలుగే."

ఎంగటమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. "పోలీసోడు మన బాసలో తిడతాడా! చూడే జెసింతా, ఈయమ్మ ఏమి కత చెప్తా ఉండాదో!"

జెసింతా ఆమె మనవరాలు. బట్టల కొట్టులో పని చేస్తుంది, కాస్త ఇంగ్లీషు వచ్చు. నాయనమ్మ తెలుగులో ఏమన్నా ఆ పిల్ల తమిళంలోనే జవాబిచ్చింది. నవ్వు మొహమే, కానీ పక్కన కూర్చున్నవాళ్ళ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"మీ పిల్లకాయలు ఈ బాస మాట్లాడేదానికి సిగ్గుపడరా?" అని అడిగింది ఎంగటమ్మ.

"పడరండి," అన్నాను. మా ప్రిన్సీ మొదటిసారి బడి నుంచి వచ్చి, 'నో తెలుగు ఎట్ హోమ్' అన్నప్పుడు నేను, మా ఆయన ఎంత మురిసిపోయామో ఆమెకి చెప్పలేదు.

ఆ సంతోషంలో గదిలోకి పరిగెత్తి స్టీలు డబ్బా తెచ్చాను. పూతరేకుల పొడి చిటికెడు ఆమె నాలిక మీద వేశాను. కళ్ళు మూసుకుని కరిగేదాకా కదల్లేదు.

"ఏమిది?"

"మా ఊరి తీపండి. బియ్యంతో పలచగా కాగితంలా వేస్తారు."

"మీ ఊరు ఈ మాదిరి ఉంటాదా," అంది.

డబ్బా ఆమె చేతిలో పెట్టి, వార్డులో అందరికీ తలా కొంచెం పెట్టమని జెసింతాతో అన్నాను. ఇంకా బోలెడు పని ఉంది. వెళ్ళిపోయాను.

అక్కకి చూపు, చెల్లెలికి చెవి

డాక్టరు గారు పరీక్ష చేశారు. కుడి కన్ను నీటికాసుల జబ్బుతో ఏనాడో పోయింది. ఎడమ కంటికి ముదిరిన శుక్లం. అది తీసేస్తే చూపొస్తుంది. కానీ రక్తపరీక్షలో షుగరు విపరీతంగా ఉంది.

"ఉన్నది ఒక్క కన్ను సుగుణా. ఈ షుగరుతో కోస్తే చీము పట్టిందంటే అదీ పోతుంది. వార్డులో ఉంచుదాం. మందులతో దిగుతుంది. మనం వెళ్ళేముందు రోజు చేద్దాం," అన్నారు.

తీపి పెట్టొద్దని జెసింతాకి గట్టిగా చెప్పాను. నా డబ్బా సంగతి నా తలకే తట్టలేదు. అది ఆ రోజే అందరికీ పంచేసి ఉంటారనుకున్నాను.

ఆ రోజు నుంచి పని అయిపోగానే ఎంగటమ్మ మంచం దగ్గర చేరేదాన్ని. పెళ్ళి గురించి చెప్పేది, గాడిదల మీద గుడిసె సామాను వేసుకుని దేశమంతా నడిచిన రోజుల గురించి చెప్పేది. చేతులు చూసి జోస్యం చెప్పడంలో దిట్టట. ఇప్పుడు చూపు లేదుగా, నా చెయ్యి ఎలా చూస్తావని అడిగితే, "చెయ్యి ఎవురు చూసిరి? మనిషిని మాట్లాడనిస్తే అంతా వాళ్ళే చెప్పేస్తారు," అని నవ్వింది.

ఒక సాయంత్రం, కన్నొచ్చాక మొదట ఏం చూడాలనుందని అడిగాను. అందర్నీ అడిగే ప్రశ్నే అది. మనవల్ని అంటారు, మేరీమాత స్వరూపాన్ని అంటారు. ఎంగటమ్మ మాత్రం, "లచ్చిమిని," అంది.

లచ్చిమి ఆమె చెల్లెలు. అనురాధపురం వైపు ఇంకో ఊళ్ళో ఉంటుంది. గుంపులు తిరగడం మానేసినప్పుడు అక్క తూర్పున ఆగిపోయింది, చెల్లెలు ఉత్తరాన. ఇక్కడి పిల్లలు తమిళం పిల్లలయ్యారు. అక్కడి పిల్లలు సింహళం పిల్లలయ్యారు. ఆ రెండు ఇళ్ళకీ మధ్య మిగిలిన మాట ఈ ఇద్దరు ముసలమ్మల తెలుగు ఒక్కటే.

"ఫోను చేస్తారు కదా?" అన్నాను.

"దానికి చెవుడు. ఫోనులో ఏమీ వినదు. నా ఎదురు కూకుంటే నోరు చూసి అంతా చెప్తాది. నాకేమో గుడ్డి. బస్సెక్కి ఒకతినే పోలేను. ఇదుగో, దీనికి కొట్టులో అన్ని దినాలు లీవు ఇయ్యరు," అని జెసింతా వైపు చూపించింది. "పోయినా దాని మొగం నాకు కనపడదు. కన్నొస్తే నేనే పోతా. అదీ నేనూ పోతే ఇంక ఈ బాసలో మాట్లాడేదానికి ఎవురూ లేరు."

నేను ఆమె చెయ్యి పట్టుకుని, "కన్నొస్తుందమ్మా. మా డాక్టరు గారి చేతిలో రాని కన్ను లేదు. నాది పూచీ," అన్నాను. నర్సులు అలా అనకూడదు. మాకు మొదటి పాఠంలోనే చెప్తారు.

ఆఖరి ఆపరేషన్ల రోజు

షుగరు దిగలేదు. మందు పెంచారు, కొంచెం దిగి మళ్ళీ ఎక్కింది. డాక్టరు గారికి అంతు పట్టలేదు. ఆసుపత్రి తిండే కదా తింటోంది అన్నారు. ఆఖరి రోజు రక్తం చూసి, దిగితే చేద్దామన్నారు.

ఆఖరి పూట ఆమెకి పచ్చ గౌను తొడగడానికి వెళ్ళాను. తొడిగాక దుప్పటి మడత పెట్టబోతే దిండు కింద గట్టిగా ఏదో తగిలింది. నా స్టీలు డబ్బా. మూత తీశాను. అడుగున వేలికంటేంత తప్ప ఏమీ లేదు.

"ఇది... అందరికీ పంచలేదా అమ్మా?" అన్నాను.

"పంచితి గదా, తలా కొంచెం," అంది ఎంగటమ్మ. తర్వాత చిన్నపిల్లలా తల దించుకుంది. "మిగిలింది నేను పెట్టుకుంటి. తెల్లారి ఒకతూరి, పొద్దుగూకి ఒకతూరి. నీ ఊరి తీపి అన్నావు గదా. నోట్లో ఏసుకుంటే నువ్వు పక్కన కూకోని మాట్లాడతా ఉన్నట్టు ఉంటాది."

నేను డబ్బా పట్టుకుని డాక్టరు గారి దగ్గరికెళ్ళాను. ఆయన ఒక మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడే తీసిన రక్తం రిపోర్టు చూశారు.

"చెయ్యలేనమ్మా. రెండు కళ్ళున్న మనిషైతే ధైర్యం చేద్దును. రేపు మనం వెళ్ళిపోతున్నాం, ఏదన్నా అయితే చూసుకోడానికి నేనుండను," అన్నారు. "ఇక్కడి జిల్లా ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడతాను. షుగరు దిగాక వాళ్ళు చేస్తారు. కాకపోతే వరసలో చాలామంది ఉన్నారు. నెలలు పట్టచ్చు."

ఎంగటమ్మకి నేనే చెప్పాలి, ఇంకెవరికీ ఆ భాష రాదు. తొడిగిన గౌను విప్పుతూ చెప్పాను. నా వల్లే అయిందని చెప్పాను. ఆమె నా చేతుల్లోంచి గౌను తీసుకుని, తడుముకుంటూ మడత పెట్టింది.

"తిన్నది నేను గదా," అంది. "లచ్చిమికి ఎవురు చెప్తారు? ఈ వారం వస్తానని ఎవురితోనో కబురు పంపితి," అంది.

లచ్చిమి ఇంట్లో

కొలంబో వెళ్ళే దారి కాస్త తిప్పుకుంటే అనురాధపురం వైపు పోవచ్చని వ్యాన్ డ్రైవరు చెప్పాడు. డాక్టరు గారు నా మొహం చూసి సరేనన్నారు. దంబుల్ల దగ్గర బజార్లో ఎవరో వెలక్కాయ గుజ్జులో బెల్లం కలిపి అమ్ముతున్నారు. ఆయన ఒకటి కొని నాకిచ్చారు. నా వల్ల కాలేదు.

లచ్చిమి ఊరు ఎర్రమట్టి నేల, చిన్న చిన్న పెంకుటిళ్ళు. వాళ్ళ పెద్ద మనవడు ఆటో నడుపుతాడు, సింహళం తప్ప రాదు. మా డ్రైవరు అతనితో మాట్లాడి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. మనవడి భార్య నల్ల టీ, బెల్లం ముక్క తెచ్చింది.

లచ్చిమి అక్కకంటే గుండ్రంగా, ఎత్తు పళ్ళతో, గట్టి గొంతుతో ఉంది. "ఎంగటమ్మ పంపితే వచ్చాం," అని అరిచాను. వినపడలేదు. నా పెదాల వైపే చూస్తోంది. నా తెలుగుకి పెదాలు కదిలే తీరు ఆమెకి కొత్తగా ఉందేమో, అందలేదు. మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆమె చెయ్యి తిప్పి, "అక్క యాడ?" అంది. అంతే, వాకిలి వైపు చూస్తోంది, అక్క వ్యాన్ దిగుతుందేమోనని.

అప్పుడు తట్టింది నాకు. చెల్లెలికి వినపడదు, కానీ కళ్ళున్నాయి. అక్కకి కనపడదు, కానీ చెవులున్నాయి. మొహం కనపడేలా ఫోను చేస్తే? వాళ్ళింట్లోనూ ఫోను ఉంది, ఇక్కడా ఉంది. రెండిళ్ళ పిల్లలకీ మధ్య మాట లేక ఇన్నాళ్ళూ ఎవరూ అలా కలపలేదు.

జెసింతాకి వీడియో కాల్ చేశాను. కొట్టు నుంచి ఇంటికెళ్ళి నాయనమ్మని కూర్చోబెట్టి ఆ పిల్లే తిరిగి చేసింది. మొదట తెరంతా ఎంగటమ్మ చెవే. ఫోనంటే చెవికి పెట్టుకోవాలనే ఆమెకి తెలుసు.

"దీని చెవి చూపిస్తాది నాకు!" అని లచ్చిమి ఇల్లెగిరిపోయేలా నవ్వింది.

ఆ నవ్వు అక్కడ వినపడింది. ఎంగటమ్మ పిలిచింది. "లచ్చిమీ?"

జెసింతా ఫోను వెనక్కి జరిపింది. మొహం కనపడింది. లచ్చిమి రెండు చేతులతో ఫోను పట్టుకుని అక్క పెదాలకి దగ్గరగా వంగింది.

"తింటివా?" అంది ఎంగటమ్మ.

"తింటి. నువ్వు తింటివా? కాలు నొప్పి పొయ్యెనా?"

"కాలు పోలేదు, నేను పోలేదు."

"ముసిల్దానివి అయిపొయినావే అక్కా!"

"నువ్వు కాలేదా? నాకు కనపడదులే. నాకు నువ్వు ఇంకా చిన్నదానివే."

అలాగే మాట్లాడుకున్నారు, కోళ్ళ గురించి, ఎవరో పాత బంధువు చావు గురించి. మనవడు, అతని భార్య గుమ్మంలో నిలబడి ఒక్క ముక్క అర్థంకాక మురిసిపోతూ చూస్తున్నారు. డాక్టరు గారు బయటికెళ్ళి వేపచెట్టు కింద నిలబడ్డారు.

చివర్లో ఎంగటమ్మ, "ఇప్పుడు కన్ను కోయలేదు. కోసినాక బస్సెక్కి వస్తా," అంది.

"బిన్న రా," అంది లచ్చిమి, త్వరగా రమ్మని.

వ్యాన్ ఎక్కేటప్పుడు నాకు కొంచెం తేలికగా అనిపించింది. చెడగొట్టిందానికి ఎంతో కొంత సరిచేశాననుకున్నాను. విమానంలో నిద్ర కూడా పట్టింది.

మళ్ళీ రాజమండ్రి

ఇక్కడికొచ్చాక కొన్నాళ్ళు నాకు అన్నీ కొత్తగా వినపడ్డాయి. స్టేషన్ బయట ఆటోవాళ్ళు బేరాలాడుకోవడం, కడియం నుంచి మొక్కలమ్మే ఆయన వీధిలో గులాబీ అంటుల గొప్పలు చెప్పుకోవడం, వార్డులో రోగులు ఒకరి కూర గురించి ఒకరు వాదించుకోవడం నిలబడి వినేదాన్ని. ఇదంతా ఎవరో నాకు ఊరికే ఇచ్చారనిపించేది. కొండల మీద నుంచి వచ్చే కోయ ముసలివాళ్ళు మా వరండాలో మాట్లాడకుండా కూర్చుని ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని, నీళ్ళని ఏమంటారో, కన్నుని ఏమంటారో అడిగి నేర్చుకుంటున్నాను. వాళ్ళు నా ఉచ్చారణకి నవ్వుతారు. ప్రిన్సీకి రోజూ ఏదో ఒకటి తెలుగులో చదివి వినిపించమంటే మొదట విసుక్కుంది, ఇప్పుడు చదువుతోంది. అక్షరాల దగ్గర తడబడుతుంది. ఆ తడబాటు విన్నప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది.

అక్కాచెల్లెళ్ళు అప్పుడప్పుడు ఫోన్లో చూసుకుంటున్నారని జెసింతా రాసేది. వానలు మొదలయ్యాక ఒకరోజు తమిళంలో పెద్ద వాయిస్ మెసేజి పంపింది. గొంతు బాగాలేదు. డాక్టరు గారి గదికి పరిగెత్తాను. ఆయన ఓపీ ఆపి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. వింటూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆపరేషన్ అయిందమ్మా. చూపొచ్చింది. బాగా వచ్చిందట," అన్నారు.

"మరి?"

"లచ్చిమి పోయింది. జ్వరం. ఆపరేషన్‌కి కొద్ది రోజుల ముందే. ఏడిస్తే షుగరు పెరిగి మళ్ళీ ఆపేస్తారని ఈవిడకి చెప్పలేదు. కట్టు విప్పాక, మా చెల్లెలి దగ్గరికి తీసుకెళ్ళండని అడిగితే అప్పుడు చెప్పారట."

ఎంగటమ్మ అయినా వెళ్ళింది. జెసింతా లీవు పెట్టి తీసుకెళ్ళింది. అక్కడ ఆటో మనవడు, అతని భార్య కాళ్ళు కడగడానికి నీళ్ళిచ్చారు, టీ ఇచ్చారు. ఎవరికీ ఎవరితోనూ ఒక్క మాట లేదు. చెల్లెలి చీర ఒకటి ఇస్తే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి వచ్చేసిందట.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేనే ఫోను చేశాను. తెర మీద ఎంగటమ్మ. ఎడమ కన్ను నల్లగా మెరుస్తోంది. నన్ను చూడ్డం ఆమెకి అదే మొదటిసారి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"నువ్వేనా? గొంతు వింటే పొడుగు మనిషి అనుకుంటి," అంది.

నాకు నవ్వు రాలేదు. రోజూ మనసులో అనుకుంటున్న మాట బయటికొచ్చింది. ఆ రోజే ఆపరేషను జరిగి ఉంటే నువ్వు లచ్చిమిని చూసి ఉండేదానివి, ఎదురుగా కూర్చుని ఉండేదానివి అన్నాను. "నన్ను క్షమించమ్మా," అన్నాను.

ఎంగటమ్మ మొహం చిట్లించింది. "అది ఏమి మాట?"

"క్షమించు. అంటే... తప్పు జరిగిపోయినప్పుడు అవతలి మనిషిని అడుగుతాం."

"ఆ మాట మాకు లేదే," అంది.

"మరి మీలో తప్పు జరిగితే ఏమంటారు?"

ఆ కొత్త కన్ను నా మీదే ఉంది.

"ఏమీ అనము. వచ్చి పక్కన కూకుంటాము," అంది.

నేను రాజమండ్రిలో మా వంటింటి స్టూలు మీద, చేతిలో ఫోను పట్టుకుని కూర్చుని ఉన్నాను. ఎంతసేపు కూర్చున్నా అది ఆమె పక్కన కాదు.